అమావాస్య ఈరోజా, రేపా?

2024 దీపావళికి ముందు వారం రోజులూ తెలుగు ఇళ్ళలో ఒకటే ప్రశ్న. పండగ 31నా, ఒకటినా? గోడ మీది క్యాలెండర్‌ ఒకటి చెప్పింది, గుడిలో పంతులుగారు ఒకటి చెప్పారు, వాట్సాప్‌లో ఇంకోటి తిరిగింది. చివరికి మన దగ్గర ఎక్కువమంది అక్టోబరు 31 సాయంత్రమే దీపాలు పెట్టారు. పంచాంగకర్తలకి ఒకరితో ఒకరికి పడక వచ్చిన గొడవని చాలామంది కొట్టిపారేశారు. నిజానికి ఆ గొడవ మూలం పంచాంగంలో కంటే మ్యాప్‌లో ఎక్కువ ఉంది.

శ్రీకాకుళం తీరంలోని ఊళ్ళ నుంచి ఏటా మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్‌ వలస వెళ్ళి, నెలల తరబడి అక్కడి బోట్ల మీద పనిచేస్తారు. ఇల్లు ఈ చివర, పని ఆ చివర. ఆ ఏడాది దృక్‌సిద్ధాంత గణితం (సూర్యచంద్రులు ఆకాశంలో నిజంగా ఉండే చోటుని బట్టి కట్టే లెక్క) ప్రకారం అమావాస్య తిథి అక్టోబరు 31 మధ్యాహ్నం 3:52కి మొదలై నవంబరు 1 సాయంత్రం 6:16కి ముగిసింది. అంటే 26 గంటల 24 నిమిషాలు. నవంబరు 1న శ్రీకాకుళంలో 5:20 దాటగానే పొద్దు వాలిపోయింది. ఆ తర్వాత కూడా ముప్పావుగంట పైనే అమావాస్య మిగిలి ఉంది. వేరావల్‌ మనకంటే 13 డిగ్రీలకి పైగా పడమరన ఉంది. అక్కడ సూర్యుడు దిగేసరికే ఆరుంపావు దగ్గరపడింది. ప్రమిదలో నూనె పోసేలోపే తిథి అయిపోయింది.

దీపావళికి లెక్క ప్రదోషం, అంటే పొద్దు వాలాక వచ్చే తొలి ఘడియలు. రెండు రోజులూ ఆ వేళకి అమావాస్య ఉంటే రెండో రోజు పట్టుకోవాలనేది ఒక వాదం. అలా పట్టుకోవాలంటే రెండో రోజు అస్తమయం తర్వాత కనీసం ఒక ఘడియ, అంటే 24 నిమిషాలు, తిథి ఉండాలనేది దాని మీద ఇంకో షరతు. ఈ లెక్కన నవంబరు 1 శ్రీకాకుళంలో నిలబడే వాదన, వేరావల్‌లో నిలబడదు. భార్య కళింగపట్నంలోనూ భర్త వేరావల్‌లోనూ ఉంటే, శాస్త్రం ఒకటే అయినా ఇద్దరికీ చెరో తేదీ రావచ్చు. దేశమంతటికీ ఒకటే సెలవు, ఒకటే గడియారం పెట్టుకున్నాం కాబట్టి దాన్ని గొడవ అన్నాం. పంచాంగం ఏ ఊరికి ఆ ఊరు లెక్కగట్టుకునే రోజుల్లో అయితే ఇది ఎవరి దృష్టికీ వచ్చేది కాదు.

చిక్కంతా ఎక్కడ మొదలైందంటే, అమావాస్య అసలు రోజే కాదు. అదొక క్షణం. భూమ్మీద నుంచి చూసినప్పుడు చంద్రుడు సూర్యుడి దిక్కుకే సరిగ్గా వచ్చే క్షణం. ‘అమా’ అంటే కలిసి, ‘వస్‌’ అంటే ఉండడం, ఇద్దరూ ఒకచోట ఉండడమే అమావాస్య. చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు జరగడానికి పట్టే కాలం ఒక తిథి. నెలకి 30 తిథులు, ముప్పయ్యోది అమావాస్య. అంటే ఇద్దరి మధ్య ఇంకా 12 డిగ్రీల ఎడం ఉండగా మొదలై, ఎడం సున్నా అవగానే ముగుస్తుంది. అసలు కలయిక జరిగేది తిథి మధ్యలోనో మొదట్లోనో కాదు, చిట్టచివర. మనం అమావాస్య అని పిలుచుకునే ఆ ఒక రోజంతా చంద్రుడు సూర్యుడి దగ్గరికి నడుస్తూనే ఉంటాడు. చేరగానే పాడ్యమి వచ్చేస్తుంది.

ఈ నడక ఒకే వేగంతో సాగదు. చంద్రుడి దారి కోడిగుడ్డులా కాస్త సాగి ఉంటుంది కాబట్టి భూమికి దగ్గరగా ఉన్నప్పుడు త్వరగానూ దూరంగా ఉన్నప్పుడు మెల్లగానూ కదులుతాడు. అందుకే ఒక తిథి ఇంచుమించు 20 గంటల్లో అయిపోతే, ఇంకోటి 26 గంటలు దాటుతుంది. 2025 దసరాలో ఇది అందరికీ కళ్ళకి కట్టింది. మహాలయ అమావాస్య సెప్టెంబరు 21న వచ్చింది, 22న నవరాత్రులు మొదలయ్యాయి. పదో రోజున రావలసిన దశమి పదకొండో రోజున, అక్టోబరు 2న వచ్చింది. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను (పూజారిని పొడవాటి మాను కొసన కూర్చోబెట్టి ఊరేగించే సంబరం) విజయదశమి వెళ్ళాక వచ్చే మంగళవారం కాబట్టి అక్టోబరు 7న తిరిగింది. మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా జనంతో నిండిపోయే ఆ ఒక్క సాయంత్రం ఎప్పుడన్నది, రెండు వారాల ముందటి కనబడని చంద్రుడి దగ్గర తేలిపోయిందన్నమాట.

పాతవాళ్ళు ఈ తిథిలో కూడా రెండు రకాలు చూశారు. చతుర్దశి ఇంకా తగిలి ఉండి, తెల్లవారుజామున తూర్పున సన్నని గీత కనబడే అమావాస్యని సినీవాలి అన్నారు. ఆ గీత కూడా లేనిదాన్ని కుహూ అన్నారు. కనబడని దానికి కూడా రెండు పేర్లు పెట్టుకున్నారంటే ఆకాశాన్ని ఎంత ఓపిగ్గా చూసుంటారో!

తిథి 24 గంటల గడియారానికి కట్టుబడదు కాబట్టి, ఏ పనికి ఏ వేళ లెక్క అన్నది విడిగా తేల్చుకోవలసి వచ్చింది. పితృకార్యానికి అపరాహ్ణం, అంటే పగటిని ఐదు భాగాలు చేస్తే నాలుగోది. మహాలయ అమావాస్యకి నాగావళి, వంశధార రేవుల్లోనూ శ్రీకూర్మంలో శ్వేత పుష్కరిణి దగ్గరా తర్పణాలు ఇచ్చేవాళ్ళు చూసుకునేది మధ్యాహ్నం తిథి ఉందా లేదా అనే. దీపావళికి సాయంత్రం. శివరాత్రికి అర్ధరాత్రి, అయితే అది అమావాస్య ముందరి చతుర్దశి. ఒక్కోసారి పెద్దలకి పెట్టుకునే అమావాస్య ఒక రోజూ, ఉదయం తిథి చూసుకునేవాళ్ళ అమావాస్య మర్నాడూ పడుతుంది. రెండూ తప్పు కాదు. అడిగిన పని వేరు కాబట్టి జవాబు వేరు.

విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో రంజాన్‌ నెల కోసం ఎదురుచూసే ముస్లింలకి ఈ లెక్క ఇంకో కొసన మొదలవుతుంది. వాళ్ళకి కలయిక క్షణంతో పని లేదు, నెలవంక కంటికి ఆనాలి. చంద్రుడు సూర్యుడి నుంచి ఏడు డిగ్రీలైనా జరగనిదే వంక ఏర్పడదు. మామూలు కంటికి, పడమట మబ్బూ దుమ్మూ మధ్య ఆనాలంటే పది పన్నెండు డిగ్రీలు కావాలి. అంటే సుమారు ఒక రోజు. అమావాస్య నిమిషంతో సహా ముందే తెలిసినా పండగ తేదీ మాత్రం ఆ సాయంత్రం దాకా తేలనిది అందుకే.

ఇచ్ఛాపురం వైపు వెళ్తే ఇంకో తమాషా ఉంది. తెలుగువాళ్ళకి నెల అమావాస్యతో ముగుస్తుంది. పాడ్యమితో కొత్త నెల. ఒడియా వాళ్ళకి చాంద్రమాసం పున్నమితో ముగుస్తుంది, అమావాస్య నెల మధ్యలో పడుతుంది. ఇచ్ఛాపురం, సోంపేట, మందస ప్రాంతాల్లో రెండు భాషల ఇళ్ళూ ఒకే వీధిలో ఉంటాయి. మనవాళ్ళకి ఆషాఢ బహుళ అమావాస్య, అదే చుక్కల అమావాస్య వచ్చిన రోజున, పక్కింటి ఒడియా వాళ్ళకి అది శ్రావణ అమావాస్య, చితౌ పిఠా చేసుకునే పండగ. మన వైశాఖ అమావాస్య నాడు వాళ్ళ ఆడవాళ్ళు జ్యేష్ఠ అమావాస్య పేరుతో సావిత్రీ వ్రతం చేస్తారు. ఆకాశంలో ఒకే చంద్రుడు, మధ్యలో పిట్టగోడ, అటూ ఇటూ నెల పేరు వేరు. దీపావళి మనకి ఆశ్వయుజంలో వస్తే వాళ్ళకీ, ఉత్తరాది వాళ్ళకీ కార్తీకంలో వచ్చేది కూడా ఇందుకే. శుక్లపక్షానికి మాత్రం ఈ తేడా లేదు. ఉగాదికో వినాయకచవితికో నెల పేరు అందరికీ ఒకటే. పేచీ కృష్ణపక్షం పదిహేను రోజుల పేరు గురించే.

అయితే అమావాస్యతో నెల ముగించడం తెలుగు భాషకే బాగా అమరింది అనిపిస్తుంది. మనకి ‘నెల’ అంటే చంద్రుడూ, మాసమూ రెండూ. నెలవంక, నెలపొడుపు, వెన్నెల, నెలజీతం అన్నిట్లో ఉన్నది ఆ మాటే. నెల ఆకాశంలో కనబడకుండా పోయింది కాబట్టి నెల అయిపోయింది, మళ్ళీ పొడిచింది కాబట్టి ఇంకో నెల. ఇంగ్లీషు వాళ్ళు ఇదే రోజుని ‘న్యూ మూన్‌’ అంటారు, అంటే కొత్త చంద్రుడు. మనం ముగింపు అన్న చోట వాళ్ళు మొదలు అన్నారు. స్కూల్లో ‘న్యూ మూన్‌ అంటే అమావాస్య’ అని బట్టీపట్టిన పిల్లలకి ఇది తికమకగానే ఉంటుంది. కొత్తది అంటున్నారు, చూస్తే ఏమీ లేదు!

ఉత్తరాంధ్రలో మాత్రం ఆ ‘కొత్త’ మాట కూడా ఉంది. ఫాల్గుణ బహుళ అమావాస్యని ఇక్కడ కొత్త అమావాస్య అంటారు, వాడుకలో కొత్తమాస. అనకాపల్లిలో నూకాంబిక అమ్మవారి జాతర మొదలయ్యేది ఆ రోజునే. మర్నాడు ఉగాది. తెలుగు సంవత్సరానికి ఆఖరి రోజు పేరులో ‘కొత్త’ ఉందంటే, జనం ఆ రోజుని వెనక్కి తిరిగి కాక రేపటి వైపు మొహం పెట్టి చూశారనుకోవాలి.

చంద్రుణ్ణి నమ్ముకుంటే ఒక ఇబ్బంది ఉంది. అమావాస్య నుంచి అమావాస్యకి సగటున 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు. పన్నెండు నెలలకి 354 రోజులే అవుతుంది. సూర్యుడి సంవత్సరానికి పదకొండు రోజులు తక్కువ. ఈ తేడా ఎంతో తెలియాలంటే శ్రీకాకుళం పక్కనే ఉన్న అరసవల్లి సూర్యదేవుడి గుడి చూడాలి. అక్కడ మార్చి రెండో వారంలో, అక్టోబరు మొదట్లో ఉదయపు కిరణాలు స్వామి పాదాల మీద పడతాయి. ఏటా అవే తేదీలు. లెక్కపెడితే ఆ రెండు సమయాలూ డిసెంబరు 21కి అటూ ఇటూ ఇంచుమించు సమాన దూరంలో, ఎనభయ్యేసి రోజుల ఎడంలో ఉంటాయి. సూర్యుడు దక్షిణానికి వెళ్తూ ఒకసారి, తిరిగి వస్తూ ఒకసారి ఆకాశంలో అదే చోట ఉదయిస్తాడు కాబట్టి కిరణం అదే ద్వారంలోంచి లోపలికి వస్తుంది. అదే గుడిలో రథసప్తమి మాత్రం ప్రతి ఏడాదీ తేదీ మారుతుంది, ఎందుకంటే అది పుష్య అమావాస్య దాటిన ఏడో తిథి. ఒకే దేవుడికి ఒక ఉత్సవం సూర్యుడి లెక్క మీద, ఇంకోటి చంద్రుడి లెక్క మీద నడుస్తోంది.

ఏడాదికి పదకొండు రోజులు జారిపోతూ ఉంటే కొన్నాళ్ళకి దీపావళి ఎండాకాలంలో వచ్చేస్తుంది. దాన్ని ఆపేది అధికమాసం. రెండు అమావాస్యల మధ్య సూర్యుడు ఏ కొత్త రాశిలోకీ అడుగుపెట్టకపోతే ఆ నెలని లెక్కలోంచి పక్కన పెట్టి, అదే పేరుతో ఇంకో నెల నడుపుతారు. 2023లో శ్రావణం అలాగే రెండుసార్లు వచ్చింది. 2026లో జ్యేష్ఠం వంతు. పెళ్ళి ముహూర్తాలు లేవని షామియానాల వాళ్ళు ఉసూరుమనే నెల ఇదే గానీ, ఇది లేకపోతే పంటకీ పండగకీ పొంతన తప్పిపోయేది.

పంచాంగం వదిలి సముద్రం దగ్గరికి వెళ్తే అమావాస్య మాట మారిపోతుంది. శ్రీకాకుళం జిల్లాకి సుమారు 193 కిలోమీటర్ల తీరం ఉంది. చాలాచోట్ల హార్బర్‌ అంటూ లేదు, పడవలు ఇసుక మీదికి లాక్కోవడమే, లేదా నది మొగలోంచి లోపలికి రావడమే. మొగ దగ్గర ఇసుక మేట వేస్తే పాటు వేళ పడవ అడుగు తగులుతుంది, పోటు ఎక్కేదాకా బయటే ఆగాలి. సూర్యుడి లాగుడు చంద్రుడి దానిలో సగానికి కాస్త తక్కువే అయినా, అమావాస్యకీ పున్నమికీ ఇద్దరూ ఒకే గీతలో ఉంటారు కాబట్టి రెండూ కలిసొచ్చి పోటు మీద పోటు వస్తుంది. అష్టమి ప్రాంతంలో ఇద్దరూ చెరోపక్కా లాగుతారు, నీరు పెద్దగా కదలదు. ఉత్తరాంధ్ర తీరంలో పెద్ద పోటుకీ పాటుకీ తేడా మీటరున్నర దగ్గరే. అదే గుజరాత్‌లో ఖంభాత్‌ అఖాతం లోపల ఏకంగా పది మీటర్ల దాకా ఉంటుంది. అమావాస్య ఒకటే అయినా రెండు సముద్రాల్లో పోటు రెండు రకాలు.

అన్నట్టు పెద్ద పోటు సరిగ్గా అమావాస్య నాడే రాదు. నీటికి కదలిక అందుకోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. పాడ్యమి, విదియల్లో వచ్చే పోటే ఎక్కువ. పోటు వేళ కూడా రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది.

వేటకి ఇంకో సంగతి ముఖ్యం, చీకటి. వెన్నెల రాత్రుల్లో చేప వలని పసిగట్టి తప్పుకుంటుంది. చీకటి రాత్రుల్లో తెలియక వచ్చి తగులుకుంటుంది. ముళ్ళు, మొప్పలు చిక్కుకునే వలలతో వేటాడేవాళ్ళకి అమావాస్యకి అటూ ఇటూ రోజులు చేతికి నాలుగు డబ్బులొచ్చే రోజులు. ‘అమాస’ అనగానే గుమ్మానికి నిమ్మకాయలు కట్టే ఇంటికి వంద గజాల్లోనే, ఆ చీకటి కోసమే చూసే ఇల్లు ఇంకోటి ఉంటుంది.

తుపాన్లూ అమావాస్యకే ముదురుతాయన్న మాట తీరంలో ఉన్నదే. 2018లో తిత్లీ ఆ నమ్మకానికి బలం ఇచ్చింది. ఆ ఏడాది మహాలయ అమావాస్య అక్టోబరు 9 ఉదయం ముగిసింది, తిత్లీ 11 తెల్లవారుజామున పలాస దగ్గర్లో తీరం దాటింది. కానీ ఉద్దానంలో కొబ్బరినీ జీడినీ వేళ్ళతో పెకలించి పారేసింది గాలి. తర్వాత ఊళ్ళని ముంచింది వర్షానికి పొంగిన ఏరులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ వచ్చింది పున్నమి వెళ్ళిన నాలుగో రోజున. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన అమావాస్య దాటి ఎనిమిది రోజులయ్యాక, మామూలుగా పోటు నీరసంగా ఉండే రోజుల్లో వచ్చింది. తుపాను పుట్టడానికి కావలసింది సముద్రం వేడి, గాలుల వాటం. చంద్రుడి పాత్ర ఒక్కటే, ఉప్పెన పోటు వేళలో వస్తే ఆ నీటికి ఇంకో అడుగో రెండడుగులో కలుస్తాయి. అది చిన్న విషయం కాదు, అలాగని అమావాస్య తుపాన్ని తెస్తుందనడానికీ లేదు.

దీన్నే ఇంకాస్త సాగదీసి, ‘మనిషి ఒంట్లో 70 శాతం నీరే, సముద్రాన్నే లాగే చంద్రుడు మన మెదడుని లాగడా’ అంటారు. వినడానికి బాగుంటుంది. కానీ పోటు వచ్చేది నీరు ఉన్నందుకు కాదు. భూమికి ఈ పక్కన చంద్రుడి ఆకర్షణ ఎక్కువ, 12,700 కిలోమీటర్ల అవతలి పక్కన తక్కువ, ఆ తేడా వల్ల. ఆరడుగుల మనిషికి తలకీ కాలికీ మధ్య ఆ తేడా లెక్కలోకి రానంత తక్కువ. పైగా పోటే కారణమైతే పున్నమి కూడా అంతే చెడ్డది కావాలి. పున్నమికి సత్యనారాయణ వ్రతాలు చేసుకుంటూ అమావాస్యకి మాత్రం ప్రయాణం మానుకుంటున్నామంటే, భయం చంద్రుడి బలం వల్ల వచ్చింది కాదు, వెలుగు లేనందువల్ల వచ్చింది. కరెంటు లేని ఊళ్ళో, పాములున్న గట్ల మీద, నెలలో అతి చీకటి రాత్రి ప్రయాణం వద్దనడం అప్పట్లో తెలివైన మాటే. టార్చీ, హెడ్‌లైటు వచ్చాక కూడా మాట మిగిలిపోయింది, కారణం మరుగునపడింది.

చాలా ఊళ్ళలో అమావాస్యకి అరక కట్టరు, తాపీ పనివాళ్ళు పనిలోకి రారు. దీన్ని మూఢనమ్మకం కింద తోసేసేవాళ్ళు ఒకటి గమనించాలి. ఆదివారం సెలవు ఆఫీసులతో పాటు వచ్చింది. అంతకు ముందు కూలీకీ ఎద్దుకీ నెలకి ఒక్క రోజైనా నడుం వాల్చే హక్కు ఇచ్చింది ఈ అమావాస్యే. యజమాని ఎంత గట్టివాడైనా ఆ రోజు పనికి రమ్మనడానికి నోరు రాదు. శ్రావణంలో వచ్చే పోలాల అమావాస్యకి కోస్తా ఇళ్ళలో కంద మొక్కకి పసుపు రాసి, పసుపుకొమ్ము కట్టిన దారం చుట్టి, బూరెలు గారెలు నైవేద్యం పెట్టి, పిల్లలు చల్లగా ఉండాలని అమ్మవారికి మొక్కుతారు. అదే రోజు మహారాష్ట్రలో ఎద్దులకి పండగ. ఒకచోట పిల్లలు, ఒకచోట ఎడ్లు. రెండు చోట్లా ఇంటిని నిలబెట్టేవాళ్ళకే పూజ.

నెలలోకెల్లా చీకటి రాత్రినే దీపాల పండగగా పెట్టుకున్నదీ ఈ జనమే. ఉత్తరాంధ్ర పల్లెల్లో దీపావళి నాడు పొద్దు వాలగానే, టపాకాయల కంటే ముందు, పిల్లలకి గోగు కాడలు అందిస్తారు. కాడ కొసకి నూనెలో తడిపిన గుడ్డ ఒత్తి చుట్టి ఉంటుంది. వాకిట్లో నిలబడి వెలిగించి, దాన్ని నేలకేసి తడుతూ అరుస్తారు: ‘దిబ్బు దిబ్బు దీపావళి, మళ్ళీ వచ్చే నాగులచవితి!’ నిప్పురవ్వలు కాళ్ళ చుట్టూ చిందుతాయి, వెనక నుంచి అమ్మమ్మ ‘ఒరే, లంగా అంటుకుంటాది, దూరంగా పట్టుకోండి’ అని కేకేస్తుంది. కాడ అవతల పారేసి, వెనక్కి చూడకుండా వచ్చి కాళ్ళు కడుక్కుని తీపి తినాలి. శాస్త్రం మాటలో ఇది ఉల్కాదానం. మహాలయానికి వచ్చి వెళ్ళే పెద్దలకి దారి చూపే వెలుగు. పిల్లలకి ఆ సంగతి ఎవరూ చెప్పరు, చెప్పినా వినరు. వాళ్ళకి అక్కర్లేకుండానే ఆ పాట మాత్రం వాళ్ళ చేత లెక్క పెట్టిస్తుంది: అమావాస్య, పాడ్యమి, విదియ, తదియ, చవితి. చవితి పొద్దున్న పుట్ట దగ్గరికి పాలూ చిమ్మిలీ పట్టుకెళ్తారు. ఆ సాయంత్రానికి పడమట చంద్రుడు బాగా పైకొచ్చి, చీకటి పడ్డాక ఇంకో రెండు మూడు గంటలు కనబడతాడు.